గడ్డి కట్టల మిషన్: గుండ్రందా, పలకలదా?

నిడమనూరు_రైతు: అన్నలారా, 45 హెచ్‌పీ ట్రాక్టర్ ఉంది. బేలర్ కొందామనుకుంటున్న. గుండ్రం కట్టలదా, పలకల కట్టలదా? సబ్సిడీ వస్తదా? చైన్ల మీద నడిచే కోత మిషన్ (చైన్ మిషన్) కోసిన గడ్డిని ఎత్తుతదా? కిరాయికి తిప్పితే గిట్టుబాటైతదా?

హాలియా_బేలర్: కండ్లు మూస్కొని గుండ్రందే తీస్కో తమ్మీ. చిన్నదాన్ని 35 హెచ్‌పీ బండి గూడ గుంజుతది. పలకలదానికి ముడి వేసే నాటర్ ఉంటది, అది మొరాయించిందంటే కోతల టైమంత దాని ముందే కూసుంటవ్. గుండ్రందాంట్ల ముడే లేదు, సుతిలి నాలుగు చుట్లు తిరిగి తెగుతది.

దేవరకొండ_పాడి: ఏదన్న కొనుక్కోన్రి, ప్లాస్టిక్ దారం మాత్రం వద్దు. మా బర్రె మేత బంద్ చేస్తే డాక్టర్‌తో పొట్ట కోయిస్తిమి. లోపల దారం ఉండ అయ్యింది. జనపనార సుతిలి రేటెక్కువని ఏడుస్తరు, బర్రె రేటెంతనో తెల్వదా?

మిర్యాలగూడ_యాసంగి: ముందుగాల గడ్డి ఎవలదో తేల్చున్రి. కోత మిషన్ గట్టు దిగకముందే బేలరోళ్ళు దిగుతరు. "పొలం సాఫ్ చేసిపోతం" అని ఊరికే ఎత్తుకపోయి కల్వకుర్తి దిక్కు కట్టల లెక్కన అమ్ముకుంటరు. పెట్టుబడి మాది, పైసలు వాళ్ళకు!

హాలియా_బేలర్: డీజిల్, సుతిలి, కూలీ, డీసీఎం లారీ కిరాయి నువ్వు పెడ్తున్నవా? మీ దిక్కోళ్ళే ఫోన్ చేసి "రేపటికల్ల ఎత్తు, లేకుంటే అగ్గి పెడ్త" అని బెదిరిస్తరు. ఇప్పుడు గడ్డికి రేటొచ్చిందని వాటా యాదికొచ్చింది.

జడ్చర్ల_పాడి_అక్క: అగ్గి మాటెత్తితే కడుపు రగులుతది. మా దిక్కు బోర్లు ఎండినంక జొన్న చొప్ప గూడ దొరకదు. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్ళల్ల కలిపి చల్లి, 21 రోజులు గాలి తగలకుంట కప్పిపెట్టి మేపుతున్నం. మీరేమో సాగర్ నీళ్ళు తాగిన గడ్డిని బూడిద చేస్తరు.

మిర్యాలగూడ_యాసంగి: అక్కా, సరదాకు కాలబెడ్తమా? దున్నే రోటవేటర్‌కు గడ్డి చుట్టుకుంటే నువ్వొచ్చి ఇప్పుతవా?

వనపర్తి_మట్టి: వరి గుంజిన పొటాష్‌ల ఎక్కువ పాలు గడ్డిలనే ఉంటది. అగ్గి పెడ్తే నత్రజని గాలిల కలుస్తది, ఎత్తుకపోతే పొటాష్ లారెక్కుతది. బేలర్ వచ్చిన పొలానికి ఎరువు ఎవడేస్తుండు? ఆ లెక్క ఒక్కలు చెప్పరు.

హాలియా_బేలర్: వచ్చిండు సార్, క్లాస్ చెప్పనీకె.

సూర్యాపేట_మెకానిక్: ఈ జిల్లాల నేను విప్పని బేలర్ లేదు, అందరు మూస్కొని వినున్రి. చైన్ మిషన్ గడ్డిని నలగ్గొడ్తది, తునకలు బేలర్‌ల గడ్డిని ఎత్తే పికప్ పండ్ల సందుల్లకెళ్ళి జారిపోతయి. టైర్ మిషన్ గడ్డి పొడుగుంటది, కట్ట గట్టిగొస్తది. పొద్దుగాల మంచు ఆరకముందే కట్టుడు మొదలువెడ్తరు, అది పెద్ద దరిద్రం. లోపల వేడెక్కి బూజు పడ్తది, కట్ట ఇప్పంగనే తెల్లటి పొడి లేస్తది, పశువు మూతి తిప్పుకుంటది. పిడికెడు గడ్డి మెలివెడ్తే పుటుక్కున విరగాలె, అప్పుడే బండి దించు. కట్ట నిండిందని బజర్ మోగంగనే ట్రాక్టర్ ఆపాలె, ఆపకుంటే నోరు జామైతది. జామైతే పీటీఓ (ట్రాక్టర్ ఎనక మిషన్‌ను తిప్పే షాఫ్ట్) బంద్ చేసినంకనే చెయ్యి పెట్టు. నిమిషానికి 540 చుట్లు తిరిగేదానికి నీ చెయ్యేందో గడ్డేందో తెల్వదు.

హాలియా_బేలర్: చెప్పుడు మస్తుగ చెప్తవ్. కోతలప్పుడు ఫోన్ చేస్తే ఎత్తవ్.

సూర్యాపేట_మెకానిక్: పాత బాకీ కట్టు, ఎత్తుత.

నకిరేకల్_శీను: సబ్సిడీ కేంద్రం యాంత్రీకరణ పథకం కింద ఉంటది. చిన్న సన్నకారు రైతులకు, ఆడోళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు సగం దాకా, మిగతోళ్ళకు 40 శాతం, దానికి గూడ ఒక పరిమితి. బడ్జెట్ ఉన్నదా లేదా మండల వ్యవసాయాధికారిని అడుగు. కొన్నంక అడిగితే లాభం లేదు.

గద్వాల_డీసీఎం: గుండ్రం కట్టలు లోడేస్తే సందులు మస్తు, బండి నిండినట్టే ఉంటది గని బరువు రాదు. పలకలయి ఇటుకల లెక్క పడ్తయి. దూరం కిరాయికి అవే నయం. ఇంకో మాట, ఎత్తు చూస్కొని పేర్చున్రి. కరెంటు తీగలకు తగిలితే లోడూ బండీ రెండూ పోతయి.

జడ్చర్ల_పాడి_అక్క: మిర్యాలగూడ తమ్మీ, నీ గడ్డి ఇంక మడిలనే ఉందా? ఒక లోడ్ కావాలె.

మిర్యాలగూడ_యాసంగి: ఉంది. ఊరికే మాత్రం ఇయ్య.

జడ్చర్ల_పాడి_అక్క: ఊరికే ఎవరడిగిన్రు? కట్టకు ఎంతనో చెప్పు.

హాలియా_బేలర్: కట్టుడు కూలీ గూడ కలుపుకొని చెప్పున్రి ఇద్దరూ.