జొన్న పక్కన ఉన్న వేరుశనగ పచ్చగా, మిగతాది పాలిపోయి ఎందుకుంది?

నమస్కారమండీ. మాది అనంతపురం జిల్లా. రెండెకరాల్లో కె-6 (కదిరి-6) రకం వేరుశనగ వేసి 38 రోజులైంది. భూసార పరీక్షలో ఉదజని సూచిక (pH) 8.4, సున్నం ఎక్కువ అని వచ్చింది. మొన్న మూడు రోజులు ముసురు పట్టి చేలో నీళ్లు నిలిచాయి. అప్పట్నుంచి కొత్త ఆకులు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. కొన్ని చిగుళ్లయితే కాగితంలా తెల్లబడ్డాయి. కింది ఆకులు బాగున్నాయి కాబట్టి నత్రజని కాదు, ఇనుప ధాతు లోపమే అనుకుంటున్నా. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఒకసారి కొట్టాం. కొంచెం తేరుకుంది.

అసలు సందేహం వేరే. గట్టు వెంబడి నాలుగు సాళ్లు జొన్న వేశాం. దాని పక్కనున్న రెండు సాళ్ల వేరుశనగ మందు కొట్టకముందు నుంచే నిగనిగలాడుతోంది. ఒక మొక్క పీకి చూస్తే రెండింటి వేళ్లూ అల్లుకుపోయి ఉన్నాయి. వేరుశనగ వేళ్లు ఆమ్లం వదిలి ఇనుమును కరిగించుకుంటాయని, సున్నం దాన్ని విరిచేస్తుందని చదివాను. జొన్న, మొక్కజొన్న మాత్రం ఇనుమును పట్టి తెచ్చే వేరే పదార్థాన్ని వదులుతాయట. అదే పక్క మొక్కకూ అందుతోందా? లేక గట్టు వారగా నీరు నిలవకపోవడమే కారణమా?

ఇలాంటి నేలలో జొన్నను అంతరపంటగా వేసినవారు ఉంటే చెప్పండి. ఎన్ని సాళ్లకు ఒక సాలు పెట్టారు? కాయ దిగుబడి తగ్గిందా? రెండో స్ప్రే ఎన్ని రోజులకు చేయాలి? కాయలు కట్టే ఊడలు నేలలోకి దిగే సమయం, చాలా టెన్షన్‌గా ఉంది.