సన్న బ్యారెల్ రైఫిల్: వేడెక్కితే గురి తప్పుతోంది, ఎందుకు?

హన్మకొండ నుంచి: టెక్సాస్‌లో ఉండే మా బావ జింకల వేటకని తేలికపాటి .308 (గుండు సైజు) రైఫిల్ కొన్నాడు. మొదటి గుండ్లు దగ్గరదగ్గరగా పడి, తర్వాతవి పక్కకు జరుగుతున్నాయట. బ్యారెల్ వంకరేమోనని ఒకటే టెన్షన్.

కాజీపేట, మాజీ సైనికుడు: తమ్మీ, ముందు చల్లారనివ్వమను. సన్న గొట్టంలో ఉక్కు తక్కువ, తొందరగా వేడెక్కుతుంది. తయారీలో ఒత్తిడి మిగిలినా, బ్యారెల్ కింద ఉండే కర్ర (స్టాక్) దానికి ఒక పక్క తగిలినా వేడికి గురి జరుగుతుంది. బ్యారెల్‌కూ కర్రకూ మధ్య కాగితం జరిపి చూడమను. ఆగిన చోట తగులుతున్నట్టే. కొన్ని రైఫిళ్లకు కర్ర ముందు కొసన కావాలనే ఆనిస్తారు, తొందరపడి చెక్కొద్దు. పైగా తేలిక తుపాకీ భుజాన్ని గట్టిగా తంతుంది, మనిషి బెదిరినా గుండు తప్పుతుంది. వేటలో చల్లటి బ్యారెల్ మొదటి గుండే లెక్క.

ములుగు నుంచి: మన దగ్గర 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో వేట బంద్. బావ ఏటూరునాగారం వస్తే కెమెరా తెమ్మను అన్నా!

హన్మకొండ నుంచి: కాగితం ముందు కొసన ఆగిందట. కంపెనీ వాళ్లను అడుగుతానన్నాడు.