విరగకాసిన దానిమ్మకి పిందెలు తుంచాలా, వదిలేయాలా?

దానిమ్మపూత:
పెరట్లో దానిమ్మ ఈసారి విరగకాసింది. రెమ్మ చివర రెండేసి, మూడేసి పిందెలు ఒకదాన్నొకటి ఒత్తుకుని కూర్చున్నాయి. ఇంకా ఉసిరికాయంతే ఉన్నాయి. కొన్ని తీసేస్తే మిగతావి బాగా ఊరతాయని కొందరంటున్నారు. నిలిచిన పిందెని చేజేతులా తెంపుకుంటారా అని ఇంట్లో గొడవ. పోయిన కాపులో కాయలు బొత్తిగా చిన్నవి, పైగా చాలావాటికి పురుగు తొలిచిన కంత. మీరైతే ఏం చేస్తారు?

కత్తెరమ్మ:
తీసెయ్యండి, ఆలోచించకండి. గుత్తికి ఒక్కటే ఉంచండి. వంకరగా ఉన్నది, మచ్చ పడ్డది, పురుగు ముట్టినది ముందు పోవాలి. అన్నీ బాగుంటే పెద్దదాన్ని ఉంచి చిన్నవి తీయాలి. చేత్తో లాగొద్దు, రెమ్మ తొక్క ఊడొస్తుంది. చిన్న కత్తెరతో తొడిమ దగ్గర కోయండి. నేను యాపిల్‌కీ, పీచ్‌కీ ఏటా చేస్తాను. కాయకీ కాయకీ మధ్య జానెడు ఎడం ఉండాలి. యాపిల్ ఒకటి సరిగ్గా ఊరాలంటే 30, 40 ఆకులు దానికోసం పనిచేయాలి. ఆకుల్ని మనం పెంచలేం కదా, కాయల్నే తగ్గించాలి.

పాతతోట:
30, 40 ఆకులు! బాగుంది. ఎవరు లెక్కపెట్టారు తల్లీ? నిచ్చెనేసుకుని చెట్టెక్కి కాయకాయకీ ఆకులు లెక్కపెడతారా?

చెట్టు మోయలేనిదాన్ని అదే రాల్చుకుంటుంది. పూత అయ్యాక మా మామిడి కిందికి వెళ్లి చూడండి. మొదట బఠాణీ గింజంత పిందెలు, తర్వాత గోలీలంతవి, నేల కనపడకుండా రాలి ఉంటాయి. నిలిచిన పిందెల్లో కోతదాకా వచ్చేవి బహు కొద్ది. అంతగా వడగట్టుకున్నాక ఇంకా మనం కత్తెర పట్టుకుని చేసేదేమిటి?

రెండాకులు:
పాతతోట గారి మాటే నాదీ.

కత్తెరమ్మ:
పాతతోట గారూ, ముందు నన్ను తల్లీ అనడం మానండి. ఆకులు ఎవరూ కూర్చుని లెక్కపెట్టరు, అదొక అంచనా. ఎడం చూసుకుంటే చాలు.

చెట్టు తనంతట తనే రాల్చుకుంటుంది, నిజమే. కానీ ఎవరి అవసరం చూసుకుని రాలుస్తుంది? దానికి కావలసింది గింజలు. వంద చిన్న కాయల్లో వందకీ గింజలు పండితే చెట్టు పని అయిపోయినట్టే. గుజ్జు, తీపి, రంగు మన గోల. అందుకే అది రాల్చి ఆపేసిన చోట మనం మొదలుపెట్టాలి.

పాతతోట:
సరే, ఒక్క ప్రశ్న. తుంచితే చెట్టు మీద మొత్తం కాయల బరువు పెరుగుతుందా, తగ్గుతుందా?

కత్తెరమ్మ:
ఒక్కో కాయ బరువు పెరుగుతుంది. తీపి పెరుగుతుంది. కొమ్మ మీద భారం...

పాతతోట:
నేనడిగింది మొత్తం బరువు.

కత్తెరమ్మ:
తగ్గుతుంది. అయితే ఏంటి?

పాతతోట:
అంతే. తగ్గుతుందని మీ నోటితోనే వచ్చింది. నాకింకేం అక్కర్లేదు.

పిచ్చిమొక్క:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది నాటి రెండో ఏడే, నిలువెత్తు కూడా లేదు, అప్పుడే నాలుగు కాయలు పట్టాయి. ఉంచనా?

పాతతోట:
ఉంచకు బాబూ, అన్నీ తీసెయ్. లేతమొక్క ముందు వేరు తన్నుకోవాలి, కొమ్మ గట్టిపడాలి. మూడో ఏడు దాటాక చూసుకోవచ్చు.

కత్తెరమ్మ:
చూశారా! తుంచమంటున్నది ఇప్పుడు మీరే.

పాతతోట:
పసిమొక్క వేరు, కాపుకొచ్చిన చెట్టు వేరు. మాట పట్టుకుని లాగకండి.

కత్తెరమ్మ:
మీరు బరువు అన్న మాట పట్టుకుని లాగలేదా?

మా ఇంట్లో జరిగింది చెప్తాను. ప్లమ్ చెట్టు. పిందెలు సగానికి సగం తీద్దామని నేనంటే, పూసిన చెట్టు మీద చెయ్యి వేయొద్దని మా ఆయన. ఊతకర్రలైనా పెట్టనివ్వలేదు, అందం పోతుందట. గాలి లేదు, వాన లేదు, పట్టపగలు ఫెళ్లుమని పెద్ద కొమ్మ మొదలంటా చీలిపోయింది. కాండం మీద అడుగు పొడవున తొక్క లేచిపోయింది. అందులోంచి బంక కారుతూనే ఉంది. ఆ కొమ్మ మీది కాయలు ఒక్కటీ పండలేదు. ఆ మొత్తం బరువు ఎంతో మీరే తూచి చెప్పండి.

పాతతోట:
అది ఊత పెట్టకపోవడం వల్ల. తుంచకపోవడం వల్ల కాదు.

ఇక నా సంగతి వినండి. నేను ఇంట్లో లేనప్పుడు మా బావమరిది వచ్చాడు. ఏదో వీడియో చూశాడట, చెట్టుకి మేలు చేస్తున్నానని టెంక కట్టిన మామిడికాయలు బుట్టలకొద్దీ కోసి కింద గుట్ట పోశాడు. "బావా, మిగిలినవి ఎంతెంత అవుతాయో చూడు" అన్నాడు. చూశాను. పిసరంత పెరగలేదు. ఇదీ మీ శాస్త్రం. పైగా అడగలేదు, ఒక్క మాట చెప్పలేదు.

చిగురు:
ఇంతసేపటి నుంచీ చదువుతున్నాను. మీరిద్దరూ రెండు వేర్వేరు చెట్ల గురించి పోట్లాడుతున్నారు, మధ్యలో దానిమ్మని ఇద్దరూ మర్చిపోయారు.

యాపిల్, పీచ్, ప్లమ్ జాతులు ఎక్కువ పిందె నిలుపుకుంటాయి, అవి రాల్చుకునేది చాలదు. వాటికి చేత్తో తుంచడం మామూలు పని. మామిడి అలా కాదు, అది రాల్చేది అంతా ఇంతా కాదు. బఠాణీ సైజులో మనం తుంచితే, రేపు ఎలాగూ రాలబోయేదాన్ని ఇవాళ కోసినట్టు. అందుకని పెరటి మామిడికి చేత్తో తుంచేవాళ్లు అరుదు.

బావమరిది గారి విషయంలో తప్పంతా వేళది. కాయ సైజు చాలావరకు మొదటి వారాల్లోనే ఖాయమవుతుంది. యాపిల్లో పూత రాలిన 4 నుంచి 6 వారాల దాకా కాయలో కణాలు విడిపోయి సంఖ్య పెరుగుతుంది. ఆ తర్వాత కొత్త కణాలు రావు, ఉన్నవే నీరూ చక్కెరా నింపుకుని ఉబ్బుతాయి. సంఖ్య పెరిగే రోజుల్లో పోటీ తగ్గిస్తేనే కాయ పెద్దదవుతుంది. టెంక గట్టిపడ్డాక తుంచితే కొమ్మకి భారం తగ్గుతుందేమో గానీ సైజుకి పెద్దగా ఒరిగేది లేదు.

కత్తెరమ్మ:
ఇదే కదా నేను మొదట్నుంచీ చెప్తున్నది.

రెండాకులు:
వేళ సంగతి మీరు ఒక్కసారి కూడా ఎత్తలేదు కత్తెరమ్మ గారూ. పైకెళ్లి చదువుకోండి.

కత్తెరమ్మ:
ఉసిరికాయంత ఉన్నప్పుడే తియ్యమన్నాను కదా, వేళ అంటే ఏంటి మరి? సరే, సైజు పక్కన పెట్టండి. వచ్చే ఏడాది మాటేమిటి? ఒక ఏడు విరగకాసి, మరుసటి ఏడు మొహం చాటేస్తుంది చూడండి, అది ఊరికే కాదు. యాపిల్లో కాయ పెరుగుతున్న రోజుల్లోనే పక్కన వచ్చే ఏటి పూమొగ్గ తయారవ్వాలి. కాయలోని గింజలు జిబ్బరెల్లిన్లనే హార్మోన్లు వదులుతాయి, అవి మొగ్గని పూమొగ్గ కానివ్వవు. గింజలెన్ని ఎక్కువుంటే వచ్చే ఏడు పూత అంత తక్కువ. పాతతోట గారూ, మీ మామిడి ఏడాది విడిచి ఏడాది కాస్తుందా, లేదా?

పాతతోట:
కాస్తుంది. మామిడి లక్షణమే అది.

కత్తెరమ్మ:
అదిగో.

చిగురు:
అదిగో కాదండీ. మామిడిలో అది రకాన్ని బట్టి ఉంటుంది, కొన్ని రకాలు ఏటా కాస్తాయి. కాపు ఎక్కువైన ఏడు కొత్త చిగురు వేళకి రాదు, వచ్చినా పూతకి ముదరదు. అది నాలుగు పిందెలు గిల్లితే తీరేది కాదు. జామ సంగతి ఇంకోలా ఉంటుంది. అది ఎప్పటికప్పుడు కొత్త చిగుళ్ల మీదే పూసి కాస్తుంది, దానికి వచ్చే ఏటి పూత భయం పెట్టనక్కర్లేదు. యాపిల్ చట్టాన్ని అన్ని చెట్ల నెత్తినా రుద్దకండి.

అద్దెపెరడు:
వచ్చే ఏడాదికి ఈ ఇంట్లో ఉంటానో లేదో నాకే తెలీదు. చెట్టు ఇంటివాళ్లది, నీళ్లు నావి. వచ్చే ఏటి పూత కోసం ఈ ఏటి కాయ నేనెందుకు వదులుకోవాలి?

కత్తెరమ్మ:
ఇలాంటి ఆలోచన వల్లే చెట్లు పాడవుతున్నాయి. ఇవాళ నోట్లో పడితే చాలు, రేపటిది ఎవడికి కావాలి! పాతతోట గారి బరువు లెక్క కూడా ఇదే, ఈ ఏడు తూచుకోవడం తప్ప ముందుచూపు లేదు.

పాతతోట:
ముందుచూపా? వినండి అయితే. ఆ మామిడి టెంక పాతింది నేను. కాయ చూడ్డానికి ఎన్నేళ్లు ఆగానో మీకు తెలియదు. నాకు ముందుచూపు నేర్పకండి.

నా వయసువాణ్ణి వచ్చే ఏడు పూత కోసం చేతిలో ఉన్న పిందె తుంచమంటారు. వచ్చే ఏడు నేను నిచ్చెనెక్కగలనా? ఆ కాయ నేను తింటానా? ఈ ఏడు చిన్నవైతే చిన్నవే, పిల్లలు వచ్చినప్పుడు తలా నాలుగు చేతిలో పెట్టాలి. పెద్దవి పది ఉంటే ఎవరికిచ్చేది, ఎవరికి లేదనేది? మీకు కాయ కావాలి. నాకు లెక్క కావాలి. ఇది సైన్సు కాదు. నా చెట్టు మీద నేనేం కోరుకోవాలో నాకు చెప్పొద్దు, బావమరిదికీ అదే చెప్పాను.

కత్తెరమ్మ:
ఈ మాట మొదటే అంటే సరిపోయేది కదండీ. నలుగురికి పంచడానికి కాయలు ఎక్కువ కావాలంటే తుంచకండి, నేనేమైనా వచ్చి కోస్తానా? కానీ మీరు అన్నది అది కాదు. "చెట్టుకే తెలుసు" అన్నారు. చెట్టుకి మీ మనవల లెక్క తెలీదు, నా ప్లమ్ కొమ్మ ఎంత మోయగలదో కూడా తెలియలేదు. నాకు ఒక్క మంచి కాయ చాలు, కొమ్మ మిగలాలి. ఆ మాట నేను ఇంట్లో చెప్పినా ఎవరూ వినలేదు, అందుకే ఇక్కడ గట్టిగా చెప్తాను.

రెండాకులు:
చల్లబడండి ఇద్దరూ.

దానిమ్మపూత:
నా చెట్టు అడుగున ఇంత ఉందని తెలీదు. పురుగు గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

చిగురు:
మీ దానిమ్మకి తుంచడానికి అసలు కారణం సైజు కన్నా అదే. సీతాకోకచిలుక జాతిది ఒకటి పూల మీదా, లేత పిందెల మీదా గుడ్లు పెడుతుంది, పిల్లపురుగు తొలుచుకుని లోపలికి పోతుంది. కాయలు ఒకదానికొకటి తగులుతున్న చోట దానికి మంచి చాటు. పిండినల్లి కూడా అక్కడే చేరుతుంది, మందు కొట్టినా అక్కడికి అందదు. కాబట్టి తగిలే జంటలో ఒకటి తీసేస్తే మిగిలినదానికి గాలి ఆడుతుంది, కవరు కట్టడానికి కూడా వీలు. కంత పడినవి ఇప్పుడే ఏరి దూరంగా పాతిపెట్టండి, చెట్టు కింద వదిలితే పురుగు మళ్లీ పైకే వస్తుంది. గంట ఆకారంలో ఉన్న పూలు రాలితే దిగులు పడకండి, అవి ఎలాగూ కాయవు. కాయ పగలడం మాత్రం చాలావరకు నీళ్ల గొడవ. ఎండబెట్టి ఒక్కసారిగా పోస్తే పగులుతుంది, తుంచినంత మాత్రాన అది ఆగదు.

దానిమ్మపూత:
ఇవాళ కంత పడినవన్నీ తీశాను. తగులుకుంటున్న వాటి దగ్గరికి కత్తెర తీసుకెళ్లేసరికి మా అత్తగారు వచ్చి నిలబడ్డారు. ఇంటి ముందు వైపు రెండు కొమ్మలకి మాత్రం ఒప్పుకున్నారు.

కత్తెరమ్మ:
కంత పడినవి తీయడం తుంచడం కాదు, ఏరడం. ఆ రెండు కొమ్మలైనా సరిగ్గా చేయండి, భయపడి వదిలేయకండి.

పాతతోట:
ఏరడం నేనూ చేస్తాను. అత్తగారి మాట వినమ్మా.

అద్దెపెరడు:
ఇంతకీ నిమ్మకి చేయాలా?

చిగురు:
అక్కర్లేదు.