స్టోరేజ్ హీటర్లు ఉంచాలా, గ్యాస్ సెంట్రల్ హీటింగ్ పెట్టించాలా?

మూడో_అంతస్తు:
బ్రిటన్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. హాల్లో 3.4 కిలోవాట్ల స్టోరేజ్ హీటర్ ఒకటి, రెండు బెడ్‌రూముల్లో, నడవాలో 1.7వి మూడు. అన్నీ రాత్రి వేడి నింపుకొని పగలు వదిలే, రెండు నాబ్‌లున్న పాత రకం. ఎకానమీ 7 మీటరు (రాత్రి ఏడు గంటలు చౌక రేటు, పగలు ఎక్కువ రేటు). వేడినీళ్లకు ఇమ్మర్షన్ (నీళ్లలో మునిగి ఉండే కరెంటు హీటర్) ఉన్న 150 లీటర్ల సిలిండర్. పొద్దున హాల్లో ఉక్కపోత, సాయంత్రం ఆరు దాటితే చలి. అప్పుడు పగటి రేటు మీద ప్లగ్ హీటర్ వేయాల్సి వస్తోంది. వీధిలో గ్యాస్ లైను ఉంది. ఇవన్నీ తీసేసి బాయిలర్, రేడియేటర్లు పెట్టించడం మేలా? కొత్త రకం స్టోరేజ్ హీటర్లు సరిపోతాయా? లెక్క ఎలా వేసుకోవాలో చెప్పగలరు.

రాగితీగ:
మార్చే సంగతి తర్వాత. ముందు ఇప్పుడున్నవి సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో తేల్చుకోండి. మీరు చెప్పిన లక్షణం నాబ్‌లు తప్పుగా ఉన్నప్పుడూ వస్తుంది, ఎలిమెంటు (లోపల వేడి పుట్టించే కరెంటు తీగ) పోయినప్పుడూ వస్తుంది.

లోపల ఉన్నది ఇనుప ఆక్సైడ్ కలిసిన బరువైన ఇటుకలు. రాత్రి చౌక రేటు నడిచే ఏడు గంటల్లో ఎలిమెంట్లు వాటిని 600 డిగ్రీలు దాటేలా కాలుస్తాయి. ఇన్‌పుట్ నాబ్ ఎంత వేడి నింపాలో చెబుతుంది. అవుట్‌పుట్ నాబ్ పైనున్న చిన్న తలుపును తెరుస్తుంది, అంతే. చాలామంది దాన్ని చలికాలమంతా గరిష్ఠంలో వదిలేస్తారు. అప్పుడు తెల్లవారుజామున నింపుతున్న వేడి నింపుతుండగానే బయటికి పోతుంది, మధ్యాహ్నానికి ఇటుకలు ఖాళీ. పడుకునే ముందు అవుట్‌పుట్ 1కి తిప్పండి, పగలంతా అక్కడే ఉంచండి, సాయంత్రం అవసరమైనప్పుడు మాత్రమే పెంచండి. ఇన్‌పుట్ మాత్రం రేపటి వాతావరణాన్ని బట్టి ఈ రాత్రే పెట్టాలి. ఈ హీటర్లతో అసలు ఇబ్బంది అదే: నేడు నింపింది రేపటికే పనికొస్తుంది.

ఇప్పుడు ఎలిమెంట్లు. ఈ పాత రకాల్లో సాధారణంగా ఒక్కోటి 850 వాట్లు. 1.7లో రెండు, 3.4లో నాలుగు. ఒకటి పోయినా మిగతావి పనిచేస్తూనే ఉంటాయి, ముందువైపు ముట్టుకుంటే వెచ్చగానే ఉంటుంది, అందుకే ఏళ్లకేళ్లు ఎవరూ పట్టించుకోరు. పెట్టె తెరవకుండా మీటరుతోనే కనిపెట్టవచ్చు. ఒక రాత్రి ఇమ్మర్షన్‌, మిగతా హీటర్లు ఆపేసి, హాల్ హీటర్ ఒక్కటే ఇన్‌పుట్ గరిష్ఠంలో ఉంచండి. చార్జింగ్ మొదలైన మొదటి రెండు గంటల్లో 6.8 యూనిట్లు తిరగాలి, ఫ్రిజ్ లాంటివి వాడేది అదనం. 5.1 దగ్గర ఆగితే ఒక ఎలిమెంటు పోయినట్టు. తెల్లవారే దాకా ఆగి చూస్తే లెక్క తప్పుతుంది, ఇటుకలు నిండగానే లోపలి థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తుంది కాబట్టి.

హీటర్ మొత్తం చల్లగా ఉంటే థర్మల్ కటౌట్ (అతిగా వేడెక్కితే కరెంటు ఆపే స్విచ్) పడి ఉండొచ్చు. చాలాసార్లు కారణం దానిమీద ఆరేసిన బట్టలో, మీద పడ్డ కర్టెనో. దయచేసి ఆ పని మాత్రం ఎవరూ చేయకండి. కటౌట్ ఉన్నది నిప్పు అంటుకోకుండా ఆపడానికే.

గడియారం కూడా చూడండి. బ్రిటన్‌లో వేసవికి గడియారాలు గంట ముందుకు జరిపినా చాలా ఎకానమీ 7 మీటర్లు మారవు. చలికాలంలో చౌక రేటు రాత్రి 12:30 నుంచి పొద్దున 7:30 అయితే వేసవిలో 1:30 నుంచి 8:30 అవుతుంది. మీ ప్రాంతపు గంటలు వేరేగా ఉండవచ్చు. పాత మీటర్లలో కొన్నిటికి బీబీసీ 198 కిలోహెర్ట్జ్ లాంగ్‌వేవ్ మీద వచ్చే రేడియో సంకేతం రేటు మార్చేది. ఆ సేవను దశలవారీగా ఆపడం 2025 జూన్ 30న మొదలైంది. మీది ఆ రకమైతే వెంటనే కరెంటు కంపెనీని అడిగి మీటరు మార్పించుకోండి. లేకపోతే చార్జింగ్ మొదలుకాకుండా పోవచ్చు, లేదా ఆగకుండా నడవచ్చు.

పదిహేను_మిల్లీమీటర్లు:
పైన చెప్పింది సరే. లెక్క నేను చెబుతాను.

గ్యాస్ యూనిట్ ధరను 0.88తో భాగించండి. కండెన్సింగ్ బాయిలర్ (పొగలోని ఆవిరి వేడిని కూడా రాబట్టేది) నిజజీవితంలో ఇచ్చేది ఇంచుమించు అంతే, అదీ సరిగ్గా అమర్చితేనే. గ్యాస్ స్టాండింగ్ చార్జ్‌ను (వాడినా వాడకపోయినా రోజూ కట్టే స్థిర మొత్తం) 365తో గుణించి, ఏటా మీకు కావలసిన వేడి యూనిట్లతో భాగించి దానికి కలపండి. సంవత్సరపు సర్వీసు ఖర్చునూ అలాగే పంచండి. చిన్న ఫ్లాట్‌లో ఈ రెండూ చాలా బరువు. ఏడాదికి 4,000 యూనిట్ల వేడి చాలే ఇంట్లో గ్యాస్ చౌకదనంలో మంచి భాగం స్టాండింగ్ చార్జే మింగేస్తుంది. 12,000 కావలసిన ఇంట్లో అది లెక్కలోకి రాదు.

రెండోవైపు రాత్రి యూనిట్ ధర. అక్కడ కరెంటంతా వేడిగా మారుతుంది, కానీ ఆ వేడి మీకు కావలసిన వేళకు రాదు. మూడోవంతు వేడి ఇంట్లో ఎవరూ లేనప్పుడు పోతుంటే రాత్రి ధరను 0.67తో భాగించాలి. ప్లగ్ హీటర్ యూనిట్లు పగటి రేటులో విడిగా కలపండి. ఇది మరిచిపోయే పోలికలే ఎక్కువ.

గ్యాస్‌కు మారితే ఎకానమీ 7 మానేసి ఒకే రేటుకు వెళ్లాలి. రాత్రి నడిచేది ఫ్రిజ్ ఒక్కటే అయితే ఎక్కువ పగటి రేటు కట్టడం నష్టం. కాంబి బాయిలర్ (నీళ్లు నిల్వ చేయకుండా అప్పటికప్పుడు కాచేది) పెడితే సిలిండరూ పోతుంది. 150 లీటర్లను 10 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి ఇప్పుడు 8.7 యూనిట్లు, అంటే 3 కిలోవాట్ల ఇమ్మర్షన్‌కు దాదాపు మూడు గంటలు పడుతోంది.

పని వైపు: ఫ్లాట్ కాబట్టి అన్నిటికంటే ముందు లీజు చదవండి. గోడకు ఫ్లూ (బాయిలర్ పొగ గొట్టం) రంధ్రం వేయడానికి భవన యజమాని రాతపూర్వక అనుమతి కావాలి. కొన్ని ఎత్తైన భవనాల్లో గ్యాస్‌కే ఒప్పుకోరు. ఇది తేలకుండా కొటేషన్లు తెప్పించుకోవడం వృథా. పని గ్యాస్ సేఫ్‌లో (గ్యాస్ పనివాళ్ల అధికారిక జాబితా) నమోదైనవారే చేయాలి, బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. బాయిలర్ నుంచి 22 మిల్లీమీటర్ల పైపు, అక్కడి నుంచి రేడియేటర్లకు 15. కాంక్రీటు నేల అయితే పైపులు గోడల వెంట బయటికే కనిపిస్తాయి. కండెన్సేట్ పైపు (బాయిలర్‌లో ఆవిరి నీరై బయటికి పోయేది) ఇంటి బయట నడిస్తే కనీసం 32 మిల్లీమీటర్లది వేసి, పైన ఇన్సులేషన్ చుట్టాలి. సన్నది వేస్తే గడ్డకట్టే రాత్రే బాయిలర్ ఆగిపోతుంది.

ఒక మాట గట్టిగా చెబుతాను. బాయిలర్ నుంచి వెళ్లే నీళ్లు 75, 80 డిగ్రీల్లో ఉంచి వదిలేస్తే కండెన్సింగ్ బాయిలర్ కొన్న ప్రయోజనం పోయినట్టే. తిరిగొచ్చే నీళ్లు 55 లోపు ఉంటేనే పొగలోని ఆవిరి నీరై ఆ వేడి దక్కుతుంది. రేడియేటర్లు కాస్త పెద్దవి వేయించి, వెళ్లే నీళ్లు 55, 60 మధ్య పెట్టించండి. రేపు హీట్ పంప్‌కు మారినా ఆ రేడియేటర్లు పనికొస్తాయి.

కిటికీ_రబ్బరు:
కొత్త స్టోరేజ్ హీటర్ల గురించి క్లుప్తంగా. హై హీట్ రిటెన్షన్ (వేడిని ఎక్కువసేపు నిలుపుకునేవి) అని రాసి ఉన్నవే చూడండి. బ్రిటిష్ లెక్కల్లో ఆ పేరు రావాలంటే పరీక్షలో కనీసం 45 శాతం వేడిని నిలుపుకోవాలి. ఫ్యాన్, గది థర్మోస్టాట్, వారం ప్రోగ్రామ్ ఉంటాయి. ఎంత నింపాలో అదే నిర్ణయించుకుంటుంది. సాయంత్రం చలి అనే మీ సమస్యకు సూటి మందు ఇదే, గోడలు పగలగొట్టే పనీ లేదు.

సైజు మాత్రం పాతది చూసి అదే కొనకండి. గదికి గడ్డు చలిలో సగటున 0.7 కిలోవాట్ల వేడి పోతుంటే రోజుకు 16.8 యూనిట్లు. 2.55 కిలోవాట్లు ఏడు గంటలు అంటే 17.85, సరిపోతుంది. గది 1 కిలోవాట్ పోగొడితే 24 కావాలి, 3.4ది 23.8 ఇస్తుంది, అంచు మీద. అప్పుడు హీటర్ పెంచే బదులు కిటికీల సందులు మూయించండి.

మూడో_అంతస్తు:
మీటరు చూశాను. రెండు గంటల్లో హాల్ హీటర్‌కు 5.2 తిరిగింది. బెడ్‌రూమువి సరిగ్గా ఉన్నాయి. ఎలిమెంటు మార్చడం నేనే చేయొచ్చా?

రాగితీగ:
ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. కారణం చెబుతాను. ఈ సర్క్యూట్ పగలు చచ్చినట్టే ఉంటుంది, టెస్టర్ పెట్టినా ఏమీ చూపదు, రాత్రి గడియారం తిరగగానే తనంతట తానే కరెంటు వస్తుంది. ఆఫ్‌పీక్ (రాత్రి రేటు) బోర్డులో ఎంసీబీ (ఆ సర్క్యూట్ బ్రేకర్) దించి తాళం వేయాలి, గోడ మీది డబుల్ పోల్ స్విచ్ ఆపడం ఒక్కటే చాలదు. ఆపిన తర్వాత 48 గంటలు ఆగాలి, ఇటుకలు ఒక్కరోజులో చల్లారవు.

ఇటుకలు తీసి అదే వరసలో పేర్చమనండి. పగిలిన ఇన్సులేషన్ ముక్కను మళ్లీ పెట్టనివ్వకండి. నాలుగు ఎలిమెంట్లూ ఒకేసారి మార్పించండి, ఒకటి పోయిందంటే మిగతావీ అంతే కాలం కాలినవి. టెర్మినళ్ల దగ్గర తీగ తొడుగు నల్లబడి ఉంటే వేడికి తట్టుకునే కొత్త తీగ వేయించాలి. హీటర్ 1970ల మధ్యకు ముందుదైతే అసలు తెరవనివ్వకండి. లోపల ఆస్బెస్టాస్ ఉండవచ్చు. మోడల్ నంబరు పక్క ప్లేటు మీద ఉంటుంది, ఫొటో పెడితే ఏ ఎలిమెంటు సరిపోతుందో చూసి చెబుతాను.