‘మీలోనే’నా, ‘మీ మధ్యనే’నా? చాప్లిన్ చివరి ప్రసంగంలో ఒక విభక్తి

గోదారిగట్టు:
‘‘ఇక్కడా అక్కడా వెదకనేల, రాజ్యం మీలోనే ఉంది.’’ చాప్లిన్ సినిమా ‘ది గ్రేట్ డిక్టేటర్’ చివర నియంత వేషంలో వేదికెక్కిన యూదు క్షురకుడి ప్రసంగం తెలుగులో ఇలా ఉన్నట్టు నాలుక మీద ఆడుతోంది. ‘మీలోనే’ అనా, ‘మీ లోపలే’ అనా? ఆ పక్కన ‘ఒక్కడిలో కాదు’ అని కూడా ఉండాలి. సరైన పాఠం ఎవరికైనా గుర్తుందా?

తాటాకు:
వాక్యం లూకా 17వ అధ్యాయంలోది. క్షురకుడే అధ్యాయం సంఖ్యతో సహా చెబుతాడు. కానీ మన తెలుగు బైబిల్లో 21వ వచనం ‘‘దేవుని రాజ్యము మీ మధ్యనే యున్నది’’. ‘మీలో’ కాదు. ‘‘ఇదిగో ఇక్కడనని, అదిగో అక్కడనని’’ అన్నది కూడా ఆ వచనంలోదే, సినిమా ప్రసంగంలో లేదు. మీ జ్ఞాపకంలో రెండూ కలిసిపోయాయి.

సూరిబాట:
తాటాకు గారూ, ప్రసంగంలో ‘మధ్య’ నిలవదండీ. చాప్లిన్ వచనాన్ని ఉన్నదున్నట్టు చెప్పలేదు, ‘మనిషిలో’ అని ఏకవచనం చేశాడు. తర్వాత ఒక్క మనిషిలో కాదు, ఒక గుంపులో కాదు, మనుషులందరిలో, మీలో అంటూ మెట్లు ఎక్కించాడు. ‘మధ్య’కు తక్కువలో తక్కువ ఇద్దరుండాలి. ‘ఒక్క మనిషి మధ్య కాదు’ అని తెలుగులో ఎలా అంటాం? మొదటి మెట్టే విరిగిపోతుంది. బైబిలు పాఠం అలాగే దింపితే తర్వాతి రెండు వాక్యాలూ తిరగరాయాలి. అసలా ప్రసంగం బలమంతా ఒకే విభక్తి నాలుగుసార్లు తిరిగి రావడంలో ఉంది.

తాటాకు:
మూలం చూడకుండా తీర్పు చెప్పకూడదు. గ్రీకులో ఉన్న మాట ‘ఎంతోస్’. కొత్త నిబంధనలో ఇది కాక ఇంకొక్క చోటే వస్తుంది, మత్తయి 23:26లో, గిన్నెను, పళ్లెమును ముందు ‘లోపల’ శుద్ధి చేయమన్న చోట. అక్కడ మన అనువాదం ‘లోపల’ అనే అంది, ఇక్కడ ‘మధ్య’ అంది. పైగా ‘మధ్య’ అని చెప్పదలచుకుంటే లూకాకు వేరే మాట ఉంది, ‘ఎన్ మెసో’. 22:27లో ‘‘నేను మీ మధ్య పరిచర్య చేయువానివలె ఉన్నాను’’ అన్నది అదే. గ్రీకులో రెండు వేర్వేరు మాటలు, తెలుగులో ఒకే ‘మధ్య’.

కృష్ణాతరంగం:
అనువాదకులకు కారణం ఉంది. ఏసు ఆ మాట అన్నది తనను వ్యతిరేకించిన యూదు మతవర్గం పరిసయ్యులతో. వాళ్ల హృదయాల లోపల దేవుని రాజ్యం ఉందనడం పొసగదని ‘మధ్య’ వైపు మొగ్గిన పండితులు చాలామంది. ఇంగ్లిష్‌లోనూ 1611 నాటి బైబిలు ‘లోపల’ అంటే, 1946 సవరణ పాఠం ‘నడుమ’ అంది. సినిమా 1940ది కాబట్టి అప్పటికి జనం నోట ఉన్నది ‘లోపల’. ఇంకో ఆరేళ్లు ఆగి రాసినా చాప్లిన్ దాన్ని వదిలేవాడు కాదని నా నమ్మకం.

సూరిబాట:
ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ‘లో’ను అందరూ సప్తమి అనుకుంటున్నారు. మనం వల్లె వేసిందేమిటి? ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ షష్ఠి. ‘అందున్, నన్’ సప్తమి. ‘లో’ షష్ఠిలో చేరింది నిర్ధారణ కోసం, అంటే గుంపులోంచి ఒకరిని వేరుచేసి చెప్పడానికి. ‘కవులలో తిక్కన’ అన్నప్పుడు తిక్కన కవుల పొట్టలో లేడు, కవుల గుంపులో ఉన్నాడు. ఆ లెక్కన ‘మీలో’ అంటేనే మొదటి అర్థం ‘మీ గుంపులో’. లోపల అని ఖచ్చితంగా రావాలంటే ‘మీయందు’ అనాలి.

తాటాకు:
నిర్ధారణకు షష్ఠి ఒక్కటే అనకండి. ‘యతశ్చ నిర్ధారణమ్’ అని పాణిని షష్ఠీ సప్తములు రెండూ ఒప్పుకున్నాడు. మరి ‘ఇంట్లో ఉన్నాడు’ అన్నప్పుడు నిర్ధారణ ఎక్కడుంది? లోగుట్టు, లోగొంతు, లోలోపల, ఇవన్నీ ‘లో’ లోపలితనం నుంచే పుట్టాయి.

మల్లెపందిరి:
మీరిద్దరూ చెప్పేది తేల్చే పరీక్ష ఒకటుంది. ఏకవచనం పెట్టి చూడండి. ‘నీలో’ అంటే లోపల తప్ప వేరే అర్థం రాదు. ‘మీలో ఎవరు’ అంటే గుంపు, ‘మీలో ఉన్న మంచితనం’ అంటే లోపల. ‘తనలో తాను నవ్వుకున్నాడు’ లోపల, ‘తమలో తాము గొడవపడ్డారు’ గుంపు. కాబట్టి బహువచనం మీద ‘లో’ రెండు వైపులా తూగుతుంది. గ్రీకు వాళ్లు, ఇంగ్లిష్ వాళ్లు ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చిన చోట తెలుగు రెండూ ఉంచుకోగలదు. చాప్లిన్ వరసా ఇదే కదా: మనిషిలో అన్నప్పుడు లోపల, మీలో అన్నప్పుడు లోపలా, ఆ సైనికుల గుంపులోనూ. అందుకే ‘మీ లోపలే’ అని బిగించకూడదు, ‘మీలోనే’ అని వదలాలి.

గోదారిగట్టు:
పరీక్ష బాగుందండీ. కానీ ‘వెదకనేల’ ఎక్కణ్ణుంచి వచ్చింది? లూకాలో లేదు, సినిమాలో లేదు.

కృష్ణాతరంగం:
పోతన! ‘‘కలఁ డీశుండు కలండు తండ్రి! వెదకంగా నేల యీ యా యెడన్.’’ నియంత ముందు నిలబడి ప్రహ్లాదుడు చెప్పిన జవాబు. ఆ వెంటనే ‘‘ఇందుగలఁ డందులేఁ డని సందేహము వలదు’’. సూరిబాట గారు అడిగిన ‘అందు’ ఇక్కడుంది చూడండి. ఆ సీసమాలికలో కూడా ‘ఆకాశంబునన్’, ‘ఓంకారమునన్’ దాదాపు అంతా నకార సప్తమే (‘నన్’తో వచ్చేది), ‘లో’ ఒక్కటీ లేదు.

తాటాకు:
‘కలఁ డంభోధిఁ గలండు గాలి’ సీసం కాదు, మత్తేభం. సీసమాలిక అని రాయకండి. ఆ తర్వాత హిరణ్యకశిపుడు అడిగే పద్యం ఇంకా ముఖ్యం: ‘‘స్తంభంబునఁ జూపఁగలవె చక్రిన్ గిక్రిన్’’. పులి గిలి అన్నట్టు చక్రికి గిక్రి. పద్యమంతా గంభీరంగా నడిపించి చివర ఒక్క ‘గి’తో హిరణ్యకశిపుడి అహంకారాన్ని బయటపెట్టాడు. సినిమాలో నియంత హింకెల్ నోట చాప్లిన్ పెట్టిన ‘ష్టోంక్’ పని కూడా ఇదే. ప్రజాస్వామ్యం ష్టోంక్, స్వేచ్ఛ ష్టోంక్. ఆ శబ్దానికి అర్థం వెదకక్కర్లేదు, ఈసడింపు చాలు. తెలుగు చేసేవాళ్లు దాన్ని ‘నశించాలి’ అని అనువదిస్తే పోయినట్టే. ‘స్వేచ్ఛా గీచ్ఛా’ అనాలి.

మల్లెపందిరి:
‘స్వేచ్ఛా గీచ్ఛా’ అద్భుతం. కానీ హింకెల్ మాటల్ని ఇంగ్లిష్‌లో చెప్పే దుబాసీ నింపాదిగా ముక్తసరి వాక్యాలు చెప్పాలి కాబట్టి, వాటిని గ్రాంథికంలో పెడితేనే తేడా వినిపిస్తుంది.

సూరిబాట:
మత్తేభమే, ఒప్పుకున్నాం. ‘యీ యా యెడన్’లో ‘ఎడ’ అంటే చోటు. మరి గజేంద్రుడు ‘‘కలఁ డందురు దీనుల యెడ’’ అన్నప్పుడు? చోటు అంటే ‘దీనులున్న చోట’, లేదా ‘దీనుల పట్ల’. ‘పట్ల’ అయితే ‘కలఁడు’ క్రియకు అన్వయం కుదరదు, దయ అనే లేని మాటను అధ్యాహారం చేసుకోవాలి.

కృష్ణాతరంగం:
తర్వాతి పాదం ‘‘పరమయోగి గణముల పాలం’’. ‘పాలన్’ అంటే వద్ద. దానికి జోడీ కాబట్టి ‘ఎడ’ కూడా చోటే.

తాటాకు:
‘పాలన్’కు ‘వద్ద’ ఒక్కటే కాదు, ‘వంతుగా’ అనీ ఉంది. ‘పాలుపడింది’ అంటాం కదా. యోగుల పాలిట ఉన్నాడు, దీనుల పట్ల ఉన్నాడు. చోటు సంగతి మూడో పాదంలో ‘అన్నిదిశలను’ దగ్గర గానీ రాదు.