ఓ పాజిటివ్ అని కార్డు ఇచ్చారు, ఇప్పుడు బాంబే గ్రూపు కావచ్చంటున్నారు

ప్రశ్న: హనుమకొండ విద్యార్థి

నేను బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మొదటి ఏడాది కళాశాల శిబిరంలో వేలు గుచ్చి, తెల్లటి పలక మీద మూడు రక్తపు చుక్కలు వేసి, ఓ పాజిటివ్ అని కార్డు రాసిచ్చారు. అప్పుడు నా బరువు 43 కిలోలే కావడంతో రక్తం తీసుకోలేదు. ఆ కార్డునే నమ్మి, ఓ పాజిటివ్ ఎవరికి అవసరమైనా పిలవమని మిత్రుల వాట్సాప్ గ్రూపులో పేరు రాయించుకున్నాను. పోయిన వారం మొదటిసారి రక్తమిచ్చాను. మర్నాడే బ్లడ్ బ్యాంకు వారు ఫోన్ చేసి, పరీక్షలో తేడా ఉందని, బాంబే గ్రూపు కావచ్చని, మరోసారి నమూనా ఇవ్వమని అడిగారు. నా రక్తం ఎవరికైనా ఎక్కిస్తే వారికి ప్రమాదమా? జాబితాలోంచి నా పేరు తీసేయించుకోవాలా?

జవాబు: ల్యాబ్ టెక్నీషియన్, కరీంనగర్

మీరు ఎదుటివారి గురించి భయపడుతున్నారు గానీ, ఆ కార్డు వల్ల ముందుగా ప్రమాదం మీకే. ఎర్రకణం మీద మొదట హెచ్ అనే చక్కెర నిర్మాణం ఉంటుంది. దాని మీద మరో చక్కెర చేరితే ఏ లేదా బి గ్రూపు అవుతుంది, ఏదీ చేరకపోతే ఓ అవుతుంది. అంటే ఓ గ్రూపు వారికి హెచ్ పుష్కలంగా ఉంటుంది. బాంబే గ్రూపు వారికి ఆ హెచ్ కూడా ఉండదు. 1952లో డాక్టర్ భేండే బృందం బొంబాయిలో దీన్ని మొదట వర్ణించింది కాబట్టి ఆ పేరు వచ్చింది.

మీ పలక మీద ఏ గ్రూపును పట్టే నీలం ద్రవం వేసిన చుక్క, బి గ్రూపును పట్టే పసుపు ద్రవం వేసిన చుక్క అలాగే ఉండిపోయి, పాజిటివా నెగటివా తేల్చే యాంటీ డి ద్రవం వేసిన చుక్క మాత్రం విరిగిన పాలలా గడ్డలు కట్టి ఉంటుంది. ఓ పాజిటివ్ వారికీ సరిగ్గా అలాగే కనిపిస్తుంది. తేడా బయటపడేది రివర్స్ గ్రూపింగ్‌లో: మీ సీరంలో, అంటే కణాలు తీసేసిన రక్తపు ద్రవంలో, ఓ గ్రూపు కణాలు కలిపితే మామూలుగా ఏమీ జరగకూడదు, బాంబే వారిలో అవీ గడ్డ కడతాయి, ఎందుకంటే వారి సీరంలో హెచ్‌కు వ్యతిరేకమైన యాంటీబాడీలు ఉంటాయి. అయితే ఇతర యాంటీబాడీల వల్లా ఇలా కావచ్చు కనుక మీ కణాల మీద హెచ్ ఉందో లేదో చూసే యాంటీ హెచ్ పరీక్షతో నిర్ధారించుకోవాలి. నిర్ధారణ అయితే, మీకు ఓ రక్తం ఎక్కించినా కణాలు చితికిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మీ ఎర్రకణాలు విడదీసి ఇతరులకు ఇవ్వడం సిద్ధాంతరీత్యా సాధ్యమే, కానీ అంత అరుదైన రక్తాన్ని అలా ఖర్చు చేయడం నా దృష్టిలో పొరపాటు.

జవాబు: రక్తదాతల సమన్వయకర్త, వరంగల్

పేరు తీసేయించుకోకండి, ఓ పాజిటివ్ జాబితా నుంచి మార్పించుకోండి. మన దేశంలో సుమారు 10,000 మందిలో ఒకరికి ఈ గ్రూపు ఉంటుందని చెబుతారు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో గానీ, హైదరాబాద్‌లో గానీ ఎవరికైనా కావాల్సి వస్తే అర్ధరాత్రి ఫోన్లు తిరిగేది ఇలాంటి వారి కోసమే. ఎర్రకణాలు 42 రోజులకు మించి నిల్వ ఉండవు, మగవారు ఒకసారి ఇచ్చాక 90 రోజులు ఆగాలి; అందుకని శిబిరాలలో ఇవ్వకుండా, పిలిచినప్పుడే వెళ్లడం మేలు. ఇంకో మాట, మీ తోబుట్టువులకూ పరీక్ష చేయించండి. ఈ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి; తల్లిదండ్రులిద్దరూ కేవలం వాహకులైతే, అంటే ఇద్దరిలోనూ ఈ జన్యువు ఒక్కొక్కటే ఉంటే, ఒక్కో బిడ్డకు నాలుగో వంతు అవకాశం ఉంటుంది. మన దగ్గర మేనరికాలు ఉన్న ఇళ్లలో ఇది ఎక్కువగా బయటపడేది అందుకే.

హనుమకొండ విద్యార్థి

ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మానాన్నలది మేనరికమే. ఈ రోజు నమూనా ఇచ్చి వచ్చాను, ఫలితం రావాలి. చెల్లెలిని ఆదివారం తీసుకెళ్తున్నాను. ఆమె కార్డులోనూ ఓ పాజిటివ్ అనే ఉంది.