వంట నీటిలో ఫ్లోరైడ్ తగ్గించేది ఎలా?

మాది కనిగిరి దగ్గర పల్లె. తాగడానికి ప్లాంటు నీళ్ల క్యాను తెచ్చుకుంటాం గానీ అన్నం, పప్పు, టీ అన్నీ బోరు నీళ్లతోనే. పరీక్ష చేయిస్తే లీటరుకు 3.4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందని తేలింది. గరిష్ఠ పరిమితి 1.5 మాత్రమే. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుందట. ఇసుక, బొగ్గు కుండలో వడపోసి మళ్లీ పరీక్షకు ఇచ్చాం, అంకె మారలేదు. పాపకు ఎనిమిదేళ్లు, కొత్తగా వచ్చిన పళ్ల మీద అప్పుడే గోధుమరంగు మచ్చలు! చూస్తుంటే భయంగా ఉంది. వంటకు రోజుకు 15 లీటర్లు కావాలి, అన్నీ కొనలేం. యాక్టివేటెడ్ అల్యూమినా (ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచే గుళికలు) ఫిల్టరు కొనాలనుకుంటున్నాం. ఇంట్లో వాడుతున్నవారు దయచేసి చెప్పండి: ఇంత ఫ్లోరైడ్ ఉన్న నీటికి ఎన్ని లీటర్లు వడపోశాక ఆ గుళికలను శుద్ధి చేయాల్సి వస్తోంది?